జూన్ బిల్లు, సోలార్ ఆలోచన: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో నాకు ఎలక్ట్రికల్ షాపుంది. ఫ్యాన్లు, మోటార్లు, ఇన్వర్టర్లు అమ్ముతాం, కొన్నేళ్లుగా ఇళ్ల మీద సోలార్ కూడా బిగిస్తున్నాం. అటు నెల్లూరు నుంచి, ఇటు ఒంగోలు వైపు నుంచి కూడా వస్తుంటారు కాబట్టి రెండు జిల్లాల ప్రశ్నలూ నాకు తగులుతుంటాయి. కౌంటర్ దగ్గర పదిసార్లు చెప్పిందే మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. కొన్ని జవాబులు పొడుగు, కొన్ని పొట్టి. నాకు తెలిసినంత మేరకే.

కరెంటు బిల్లు పెరిగితేనే జనానికి సోలార్ గుర్తొస్తుందా?

నా షాపు లెక్కన అవును. రోహిణి కార్తెలో రాత్రంతా ఏసీ తిరిగిన ఇంటికి జూన్ మొదటి వారంలో బిల్లు వస్తుంది. మర్నాడే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని వచ్చేస్తారు. "ఏందన్నా ఇది, ఇంత ఎట్టా వచ్చింది?" అనేది మొదటి ప్రశ్న. "మీటరు స్పీడుగా తిరగతా ఉందేమో" అనేది రెండోది. మూడోది, "సోలార్ పెట్టిస్తే ఎంతవుద్ది?"

కొటేషన్ రాసిస్తాను. ఈలోగా అక్టోబరు వానలు మొదలవుతాయి, ఏసీ మూలన పడుతుంది, బిల్లు సగానికి దిగుతుంది. నవంబరులో నేనే ఫోన్ చేస్తే "సంక్రాంతి పోనీలే అన్నా" అంటారు. మళ్లీ జూన్ వస్తుంది, అదే మనిషి, అదే ప్రశ్న. ఒకాయన మూడు జూన్లు వరసగా వచ్చాడు. నాలుగోసారి పెట్టించుకున్నాడు.

ధర ఒక్కటే కాదు, కోత కూడా ఇలాగే పనిచేస్తుంది. 2012, 2013ల్లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎలా ఉండేవో గుర్తుంది కదా. అప్పుడు ఇన్వర్టర్ దొరికితే చాలు, ఏ కంపెనీదని అడిగినవాళ్లు లేరు. ఆ ఊపు చూసి నేను అప్పు చేసి స్టాకు దించాను. కోతలు తగ్గాక ఆ బ్యాటరీలు గోడౌన్‌లో కూర్చున్నాయి. జనం ఆసక్తిని నమ్మి వ్యాపారం చేసే ముందు ఆ ఆసక్తి ఎందుకు పుట్టిందో చూసుకోవాలని నాకు తెలిసింది అప్పుడే.

మన దగ్గరేనా ఇలా? బయట దేశాల్లో కూడా ఇంతేనా?

అంతా ఇంతే. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించేసరికి పీపా ధర దాదాపు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరకు వెళ్లింది. 1979లో ఇరాన్ గొడవతో మరో దెబ్బ. అమెరికాలో అధ్యక్షుడు కార్టర్ ఆ ఏడాదే వైట్‌హౌస్ కప్పు మీద నీళ్లు కాచే 32 సోలార్ పలకలు పెట్టించాడు. 1986లో చమురు ధర కుప్పకూలింది. అదే ఏడాది, కప్పు మరమ్మతు పేరుతో దించిన ఆ పలకలు మళ్లీ పైకెక్కలేదు.

మన దేశంలో కూడా ఆ దెబ్బ తర్వాతే కదలిక వచ్చింది. చమురు పొదుపు కోసం పీసీఆర్‌ఏ అనే సంస్థ 1978లో, సంప్రదాయేతర ఇంధనాలకు కేంద్రంలో ప్రత్యేక విభాగం 1982లో వచ్చాయి. గోబర్ గ్యాస్ జాతీయ పథకం కూడా ఆ రోజులదే.

కొండాపురం వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక గోబర్ గ్యాస్ తొట్టి ఉండేది. పేడ, నీళ్లు సమంగా కలిపి పోసేవాళ్లు. ఇనప డ్రమ్ము లేస్తే గ్యాసు ఉన్నట్టు, కూర్చుంటే అయిపోయినట్టు. 1999లో దీపం పథకం వచ్చి ఇంటింటికీ సిలిండర్ చేరాక ఆ డ్రమ్ము తుప్పు పట్టింది. తర్వాత అందులో చిల్లకంప వేసుకునేవాళ్లు. వైట్‌హౌస్ పలకలదీ ఈ తొట్టిదీ ఒకటే కథ. ఒక తేడా: సిలిండర్ చౌకగా రావడమే కాదు, పశువులు కూడా తగ్గిపోయాయి. పేడ ఎత్తే పని ఎవరికి వారికి బరువైంది. ధర మొత్తం కథ చెప్పదు.

కృష్ణపట్నం దగ్గర అన్ని థర్మల్ ప్లాంట్లు ఉన్నాయి. మనకు కరెంటు చవగ్గా ఎందుకు రాదు?

ఇది ముత్తుకూరు వైపు వాళ్లు కోపంగా అడిగే ప్రశ్న. దుమ్ము మనకు, కరెంటు రాష్ట్రానికా అని. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్ ఒక్కటే 800 మెగావాట్ల యూనిట్లు మూడు. పక్కన ప్రైవేటు ప్లాంట్లు. అయినా అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది. నెల్లూరు వాళ్లకు తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ), ఒంగోలు వాళ్లకు విజయవాడ కేంద్రంగా ఉన్న డిస్కం సరఫరా చేసినా, రేటు మాత్రం నియంత్రణ మండలి రాష్ట్రమంతటికీ ఒకటే ఖరారు చేస్తుంది.

రేవు పక్కనే ప్లాంట్లు కట్టడానికి ఒక కారణం ఓడల్లో వచ్చే బొగ్గు. ఆ బొగ్గుకు ప్రపంచ మార్కెట్ రేటు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అంతర్జాతీయ మార్కెట్లో టన్ను బొగ్గు 400 డాలర్లు దాటిన రోజులున్నాయి. ఆ ఏప్రిల్‌లోనే మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే, అంటే కరెంటు వాడకూడని రోజులు, పెట్టారు. ఇంధన ఖర్చును ఎప్పటికప్పుడు వినియోగదారుడి మీద వేసే వీలు వచ్చాక మన బిల్లులో యూనిట్‌కు 40 పైసల సర్దుబాటు చార్జీ కనిపించడం మొదలైంది. ఎక్కడో యుద్ధం జరిగితే నెల్లూరు ట్రంకురోడ్డులో ఏసీ రేటు మారడం అంటే ఇదే. ఎండకు మాత్రం ఓడ అక్కర్లేదు.

యూనిట్ రేటు పెద్దగా మారలేదు కదా, నా బిల్లు ఎందుకు ఎగిరింది?

స్లాబుల వల్ల. ఈ ఒక్క సంగతి అర్థమైతే పొదుపు, సోలార్ లెక్కలు రెండూ అర్థమైనట్టే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

2022 నుంచి ఇళ్లకు నడుస్తున్న రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు.

300 యూనిట్లు కాల్చిన ఇల్లు తీసుకోండి. కరెంటు చార్జీ 1,673 రూపాయలు. సర్దుబాటు, సుంకం, ఫిక్స్‌డ్ చార్జీ కలిస్తే 1,800 దాటుతుంది. అందులో మొదటి 75 యూనిట్ల ఖరీదు 192 రూపాయలు. చివరి 75 యూనిట్ల ఖరీదు 656. అవే 75 యూనిట్లు, అదే తీగ, అదే ఫ్యాను. ఆ చివరి 75 మానేస్తే వాడకం పావు వంతు తగ్గుతుంది, కరెంటు చార్జీ మాత్రం దాదాపు 40 శాతం తగ్గుతుంది.

చిక్కేమిటంటే, మనం బిల్లు చూసేది అడుగున ఉన్న మొత్తం వరకే. మొత్తాన్ని యూనిట్లతో భాగించి "యూనిట్‌కు ఆరు రూపాయలు పడుతోంది" అనుకుంటాం. పొదుపు చేసేవాడికి మిగిలేది ఆ సగటు కాదు, పైస్లాబు రేటు. అది తెలియకే చాలామంది పొదుపును చిల్లర వ్యవహారంగా చూస్తారు.

అయితే ముందు ఫ్యాన్లు మార్చాలా, సోలార్ పెట్టాలా?

ఫ్యాన్లు. సోలార్ అమ్మేవాడినై ఉండి చెబుతున్నాను.

పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాను 30 వాట్ల చుట్టూ. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాను మీద 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లకు 60. 8.75 స్లాబులో ఉన్న ఇంటికి అది నెలకు 525 రూపాయలు. మూడు ఫ్యాన్లకు 9,000 పెట్టినా ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. 4.50 స్లాబులో ఉన్న ఇంటికి అదే డబ్బు రావడానికి దాదాపు మూడేళ్లు. 75 యూనిట్లు దాటని ఇంటికి ఇంకా ఎక్కువ. అదే ఫ్యాను ఒకరికి లాభసాటి, ఒకరికి అనవసరం, తేడా అంతా రేటులోనే.

ఏసీ 24 డిగ్రీలకు పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 18లో పెట్టి దుప్పటి కప్పుకుని పడుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు.

సూర్యఘర్ సబ్సిడీతో ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది?

ఇళ్ల మీద సోలార్ కోసం 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దాకా సబ్సిడీ. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్క వేసుకోండి, నెలకు 120. ఒక్కో కిలోవాట్‌కు దక్షిణం వైపు నీడ పడని 100 చదరపు అడుగుల డాబా కావాలి.

300 యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పైనుంచి వస్తాయి. మిగిలిన 60కి బిల్లు 147 రూపాయలు. నెలకు 1,500 చొప్పున మిగులుతుంది. సబ్సిడీ పోను చేతి నుంచి 75,000 పెట్టారనుకుంటే నాలుగేళ్ల పైచిలుకు. పలకలకు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు.

"మూడు కిలోవాట్లు వేయించుకుంటే మిగులు అమ్ముకోవచ్చు కదా" అంటారు. వేయించుకోవచ్చు, కానీ మిగులు యూనిట్లకు డిస్కం కట్టే రేటు మీరు కొనే పైస్లాబు రేటంత ఉండదు. కాబట్టి మీ వాడకానికి సరిపడా పెట్టడమే లాభం.

నెలకు 120 యూనిట్లలోపు వాడే ఇంటికి బిల్లే 400 చుట్టూ వస్తుంది. సొంత డబ్బుతో పెట్టిస్తే పదేళ్ల మాట. అలాంటివాళ్లు వస్తే నేను ఎల్‌ఈడీ బల్బులు అమ్మి పంపిస్తాను.

సోలార్ ఉంటే కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందా?

గ్రిడ్‌కు కలిపి పెట్టే మామూలు నెట్ మీటర్ సోలార్‌తో తిరగదు. లైను చచ్చిపోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లేదంటే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది కరెంటు కొడుతుంది. తుపాను వస్తే మూడు రోజులు కరెంటు ఉండని ఊళ్లు మనవి కాబట్టి ఇది ముందే అడిగి తెలుసుకోండి. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం వేరే, ఖర్చూ వేరే.

రొయ్యల చెరువుకు సోలార్ పెట్టుకుంటే కరెంటు ఖర్చు తప్పుతుందా?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే దీనికి సమాధానం చెరువు గట్టు మీద తెల్లవారుజామున మూడింటికి దొరుకుతుంది. అల్లూరు వైపు మా తోడల్లుడికి వనామీ చెరువులున్నాయి. పగలు నీళ్లలోని పచ్చటి నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగు బురద కలిసి ఆ ఆక్సిజన్ తినేస్తాయి. తెల్లారేలోపు బాగా పడిపోతుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరగాలి. ఆ టైంలో కరెంటు పోయిందంటే ఆయన లుంగీ ఎగగట్టి జనరేటర్ దగ్గరకు పరుగు. అరగంట ఆలస్యమైతే రొయ్య పైకి తేలుతుంది. కాపలావాడు నిద్రపోయాడేమోనని ఆయనకు ఇంట్లో పడుకున్నా టెన్షనే.

అంటే కరెంటు ఎక్కువ కావలసింది ఎండ లేనప్పుడు. పగలు పుట్టిన యూనిట్లను గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకుంటే లెక్క సరిపోతుంది. కానీ ఆక్వా జోన్లో రైతుకు సబ్సిడీ కింద యూనిట్ రూపాయిన్నరకే వస్తోంది. రూపాయిన్నరకు దొరికేదాని కోసం లక్షలు ఎవరు పెడతారు? సబ్సిడీ వర్తించని చెరువుకు రేటు 3.85. అక్కడి రైతు మాత్రం వచ్చి కూర్చుని గంటసేపు లెక్కలు వేయిస్తాడు. కాలవకు అటూ ఇటూ ఉన్న రెండు చెరువులు, ఒకే రొయ్య. ఒకాయనకు ఆసక్తి ఉంది, ఇంకొకాయనకు లేదు.

రూపాయిన్నర రైతుకు కూడా డీజిల్ మాటెత్తితే చెవులు నిక్కబొడుచుకుంటాయి. డీజిల్‌కు సబ్సిడీ లేదు, క్యాను నింపినప్పుడల్లా జేబులోంచి నోట్లు పోవాలి. జనరేటర్ గంటలు తగ్గించే ఏ సామాను చూపించినా వింటాడు.

బోరుకు కరెంటు ఉచితమే కదా, రైతు ఎందుకు పొదుపు చేయాలి?

డబ్బు కోసం అయితే చేయనక్కర్లేదు, చేయడం లేదు కూడా. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు. దాని మంచి చెడ్డల జోలికి నేను పోను. 2000లో చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన రాష్ట్రం ఇది. కరెంటు రేటు ఇక్కడ అంకె మాత్రమే కాదు.

షాపులో చూసేది మాత్రం చెబుతాను. బోరు రైతు అడిగేది ఆటో స్టార్టర్. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండినా తిరుగుతుంది. స్టార్ రేటింగ్ మోటారు చూపిస్తే "ఇదెందుకబ్బా, రివైండింగ్ చేయించు చాలు" అంటారు. ఉచిత కరెంటుతో మోటారు ఎంత తింటుందో ఎవరికి కావాలి?

అదే పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి, పామూరు వైపు చూడండి. వందల అడుగులు దించితే గానీ నీళ్లు తగలవు, తగిలినా గంటకే గ్యాప్ ఇస్తుంది, అంటే నీళ్లు ఆగిపోతాయి. అక్కడ డ్రిప్ గురించి రైతే అడుగుతాడు. పొదలకూరు నిమ్మ తోటల్లోనూ అంతే. వాళ్లకు ఖరీదైంది కరెంటు కాదు, నీళ్లు. నీటి కోసం డ్రిప్ పెడితే కరెంటు దానంతటదే మిగిలింది.

పొగాకు బ్యారన్లకు కట్టె ఖర్చు తగ్గే దారి ఉందా?

టంగుటూరు, కొండపి వాళ్లు అడుగుతారు. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, ఆకు రంగు తిరిగి ఈనె ఎండే దాకా ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు. కట్టెకు సబ్సిడీ లేదు, ఉచితం లేదు, ట్రాక్టరు లోడుకు ఇంతని రొక్కం కట్టాలి. అందుకే కట్టె ధర పెరిగిన ఏడు బ్యారన్ కప్పు మీద గడ్డి పరవడం, గోడ పగుళ్లు పూడ్చడం, గాలి వెంటిలేటర్లు సరిచేయడం మాట్లాడుకుంటారు. కట్టె ఆదా గురించి పొగాకు బోర్డు ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. ధర ఎక్కినప్పుడు ఆ మాట చెవికెక్కుతుంది.

నెల్లూరు రైస్‌మిల్లుల ఊక సంగతి కూడా ఇలాంటిదే. ఒకప్పుడు ఎవరైనా పట్టుకుపోతే చాలనుకున్న ఊకకు ఇప్పుడు బాయిలర్ల వాళ్లు, ఇటుక బట్టీల వాళ్లు డబ్బు కడుతున్నారు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనడం మంచిదేనా?

రోజుకు 30 కిలోమీటర్లకు పైగా తిరిగేవాళ్లయితే ఆలోచించండి. వంద కిలోమీటర్లకు పెట్రోలు బండి రెండు లీటర్లు తాగితే 200 దాటుతుంది. ఎలక్ట్రిక్ బండికి మూడు యూనిట్లు, 8.75 స్లాబు వేసుకున్నా 26 రూపాయలు. 2021లో మన దగ్గర లీటరు వంద దాటినప్పటి నుంచి వీటి గురించి అడిగేవాళ్లు పెరిగారు. అయితే 2023 జూన్‌లో కేంద్రం సబ్సిడీ కోసేసరికి బండి ధర పెరిగి అమ్మకాలు ఒక్కసారిగా పడ్డాయి. పెట్రోలు ధరా, బండి ధరా రెండూ చూస్తారు జనం.

మన పెట్రోలు రేటు ఎక్కువని చెన్నై వెళ్లేవాళ్లు తడ దాటాక ట్యాంకు నింపుకుంటారు. అది కూడా ఒక రకం పొదుపే, ఇంధనం మాత్రం మిగలదు.

సోలార్ చౌకైంది కాబట్టి ఇక కరెంటు ధరతో పనిలేదా?

చాలా వరకు నిజమే, ఇదే గతానికీ ఇప్పటికీ తేడా. 2010లో దేశంలో సోలార్ వేలంలో అతి తక్కువ రేటు యూనిట్‌కు 10.95 రూపాయలు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44. 2020లో గుజరాత్‌లో 1.99. ఎల్‌ఈడీ బల్బు చూడండి, ప్రభుత్వం కొన్న ధర 2014లో 310 రూపాయలు, 2016కి 38. ఆ బల్బు కొనడానికి ఎవరికీ కరెంటు బిల్లు చూసి భయపడాల్సిన పని లేకపోయింది. కరెంటు రేటు తగ్గినా బల్బు విప్పి పాత ఫిలమెంట్ బల్బు పెట్టినవాళ్లు లేరు.

చౌకకు ఇంకో ముఖం ఉంది. 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త గమనించాడు, యంత్రాలు బొగ్గు తక్కువ తినేకొద్దీ దేశం మొత్తంగా బొగ్గు ఎక్కువ కాల్చిందని. నా కస్టమర్లలో సోలార్ పెట్టిన ఏడాదికే రెండో ఏసీ కొన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టలేను. "పైనుంచి ఊరికే వస్తా ఉంది కదన్నా" అంటారు.

ప్రభుత్వాలు కూడా మనలాగే లెక్క చూస్తాయి. కొత్త సోలార్ రెండున్నరకు దొరుకుతోందని 2019లో మన రాష్ట్రం పాత సోలార్, గాలిమరల ఒప్పందాల రేట్లు తగ్గించాలని పట్టుబట్టింది. వ్యవహారం హైకోర్టుకెక్కి 2022 మార్చిలో కంపెనీల వైపు తీర్పు వచ్చింది. ధర పడిపోయినా తగవే.

చీమకుర్తిలో పలకల మీద గ్రానైట్ దుమ్ము పడుతుంది, పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కడిగితే. వారానికోసారి, పొద్దున పలక చల్లగా ఉన్నప్పుడు, మామూలు నీళ్లతో. మధ్యాహ్నం కాలే పలక మీద చన్నీళ్లు కొట్టకండి. పాలిషింగ్ యూనిట్ల వాళ్లకు సోలార్ బాగా కుదురుతుంది, పని పగలే, రేకుల కప్పు విశాలంగా ఉంటుంది.

అయితే ఎప్పుడు రమ్మంటారు?

జూన్‌లో వద్దు. అప్పుడు నా మనుషులు ఖాళీగా ఉండరు, మీకు కోపంలో పెద్ద సైజు పెట్టించాలనిపిస్తుంది. దసరా తర్వాత రండి. ఒక్క నెల బిల్లు కాదు, పన్నెండు నెలల బిల్లులూ తీసుకురండి. దాచుకోకపోతే సర్వీసు నంబరు చెప్పండి, ఆన్‌లైన్‌లో తీద్దాం. డాబా మీద మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి రెండు ఫోటోలు తీసి పంపండి, పక్కింటి వాటర్ ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో కనిపించేట్టు.